ఇరవై పాయింట్ సున్నా ఎనిమిది

సరుకు పరీక్షించే మాస్టారు ట్రేని బల్ల మీద పెట్టలేదు, పడేశాడు. గూళ్లలో నిలబెట్టిన పన్నెండు సర్క్యూట్ బోర్డులూ ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి.

"ఇరవై దగ్గర తగ్గుతోంది," అన్నాడు.

చిన్నకోడలు చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. గదిలో ఏడు బల్లలు, ఏడు దీపాలు, ఏడు మీటర్లు. మిగిలిన ఆరుగురూ తల ఎత్తలేదు. తల ఎత్తకుండా వినడం ఆ గదిలో అందరికీ అబ్బిన విద్య.

"నా మీటర్లో సరిగ్గా ఇరవై చూపించింది మాస్టారూ. పన్నెండింటికీ."

"నీ మీటర్ చూసి సరుకు పంపుతారా, నా మీటర్ చూసి పంపుతారా?"

"మీది చూసే."

"మరి?"

 మాస్టారు అంతటితో వదలలేదు. "ఇది రెండో ట్రే. ఇంకొక్కటి తిరిగొచ్చిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా. నిన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టమని చెప్పిందీ నేనే. నా మాట పోతోంది," అని గది అంతటికీ వినపడేలా అని, ట్రేలోంచి చీటీ తీసి ఆమె ముందు పడేసి, ట్రేని పక్క బల్ల మీదికి జరిపాడు. "నువ్వు సరిచెయ్యి పెద్దమ్మాయ్."

పక్క బల్ల మీద ఉన్నది పెద్దకోడలు. ఇంట్లో తోటికోడలు, ఇక్కడ తోటి కార్మికురాలు. ఆమె దూదిని రంగు కరిగించే మందులో ముంచి, బోర్డుల మీద చిన్నకోడలు పెట్టిన ఆకుపచ్చ చుక్కల్ని ఒక్కొక్కటిగా తుడిచేయడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. చెంప మీది మరక తుడిచినంత నిదానంగా తుడిచింది.

"సున్నా సున్నాకి ఈ నెల కలిసిరాలేదు," అన్నారెవరో వెనక నుంచి. ఎవరో నవ్వారు.

సున్నా సున్నా అన్నది ఆమెకు ఆ గది పెట్టిన పేరు. మీటర్లో ఇరవై తర్వాత చుక్క, చుక్క తర్వాత రెండు సున్నాలూ నిలబడేదాకా ఆమె వదలదు. ఇరవై పాయింట్ సున్నా ఒకటి వచ్చినా ఫరవాలేదని రూలే చెబుతోంది. ఆమె మాత్రం ఫరవాలేదనదు. బోర్డు మీద చింతగింజంత నల్ల చిప్పు ఒకటి ఉంటుంది. ఎక్కడో బాయిలరు దగ్గరో, ట్యాంకు అడుగునో కూర్చున్న సెన్సారు గొణిగిన గొణుగుడు దానికి వినిపిస్తుంది. దాన్ని కరెంటుగా మార్చి కిలోమీటరు తీగ అవతలికైనా ఇగిరిపోకుండా పంపుతుంది. నాలుగు మిల్లీ ఆంపియర్లు వస్తే ఏమీ లేదని, ఇరవై వస్తే నిండా ఉందని. చిప్పు పక్కన ఆవగింజంత స్క్రూలు రెండు. ఒకటి నాలుగుని సరిచేస్తుంది, ఇంకొకటి ఇరవైని. ఇరవైని కదిపితే నాలుగు కదులుతుంది, నాలుగుని తెచ్చుకుంటే ఇరవై జారుతుంది. ఇటూ అటూ ఐదారుసార్లు తిరిగితేగాని రెండూ ఒక దారికి రావు. వచ్చాక స్క్రూ తల మీద రంగుచుక్క పెడితే ఎండి బిగుసుకుంటుంది. ఇక ఆ చుక్కే సంతకం. ఎర్రచుక్క పెద్దకోడలిది, ఆకుపచ్చ చిన్నకోడలిది.

నెలలో మూడు ట్రేలు తిరిగొస్తే కడుగుడు గదికి పంపుతారు. ఆ గదిలో బోర్డుల్ని తొట్టిలోని మందులో ముంచి కుంచెతో తోమాలి. చిన్నకోడలు ఈ బల్ల ఎక్కి మూడు నెలలు. అంతకుముందు రెండేళ్లు ఆ తొట్టి దగ్గరే. అరచేతుల్లో పగుళ్లు ఇప్పుడిప్పుడే పూడుకుంటున్నాయి. మొన్నటిదాకా అన్నం కలుపుకుంటే ఉప్పు తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆమె చీటీ తీసి చదవలేదు. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది. గుప్పిట చాలాసేపు విప్పలేదు.

ఆ సాయంత్రం వంటగదిలో ఇద్దరు కోడళ్లూ కత్తిపీటకు అటూ ఇటూ కూర్చున్నారు. అత్త గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ గుమ్మం దాటి ఏ మాట బయటికి పోవాలన్నా ఆమె కాళ్ల మీదుగానే పోవాలి.

"మళ్లీ తిరిగొచ్చిందటగా నీ సరుకు," అంది అత్త.

చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు కూర తరుగుతోంది.

"వచ్చింది అత్తయ్యా."

"పెద్దదానిది ఒక్కసారీ రాలేదే! ఒకే ఇంటి నుంచి ఒకే బస్సులో పోతారు. దాని చేతిలో ఏముంది, నీ చేతిలో ఏం లేదు?"

"చేతి పనితనం అత్తయ్యా," అంది పెద్దకోడలు. "కొందరికి వస్తుంది. నేర్పితే వచ్చేది కాదు."

"అక్కా, నిజం చెప్పు. నువ్వు ఇరవై దగ్గర ఎలా నిలబెడతావు? నాకు చూపించు. రేపు నీ పక్కన నిలబడి చూస్తాను."

"నా పని నేను చేసుకోవాలా, నీకు బడి పెట్టాలా?"

"ఒక్క బోర్డు."

"ఒక్కటీ లేదు, సగమూ లేదు. ఉల్లిపాయ ఇటివ్వు."

చిన్నకోడలి మొగుడు సరుకుల బండి తోలి వచ్చి, కాళ్లు కడుక్కుని, విన్నాడు. విని, "కడుగుడు గదికి పోతే మాత్రం జీతం తగ్గుతుందా?" అని అడిగాడు.

"తగ్గదు."

"మరింకేం? అక్కడా కూర్చునేగా చేస్తారు."

"నిలబడి చేస్తారు," అంది చిన్నకోడలు. అరచేయి అతని ముఖం ముందు పెట్టి చూపిద్దామని సగం దాకా ఎత్తి దించేసింది. రెండేళ్లు పక్కన పడుకుని చూడని చేయి, ఇప్పుడు చూపిస్తే కొత్తగా కనబడుతుందా?

మర్నాడు ఆమె ముందు తన మీటర్ని అనుమానించింది. మనిషి ముందు తననే అనుమానించుకోవాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. స్టోరు గదికి పోయి, ఏటా పరీక్షకు పోయి ముద్ర వేయించుకొచ్చే పెద్ద మీటర్ దగ్గర తనదాన్ని పెట్టి చూసింది. రెండూ ఒకే అంకె చూపించాయి. స్టోరు గుమాస్తా, "ఏం, పెళ్లిచూపులా?" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

బల్ల దగ్గరికొచ్చి చీటీ మడత విప్పింది. నాలుగు దగ్గర మాస్టారి మీటర్ చూపించింది మూడు పాయింట్ తొమ్మిది ఎనిమిది. నడుమనున్న పన్నెండు దగ్గర పదకొండు పాయింట్ తొమ్మిది ఐదు. ఇరవై దగ్గర పంతొమ్మిది పాయింట్ తొమ్మిది రెండు. నాలుగు దగ్గర తప్పు చిటికెడు, అది రూల్లో ఇమిడిపోతోంది. ఇరవైకి వచ్చేసరికి పెరిగి రూలు దాటుతోంది. పన్నెండు బోర్డులూ అంతే. ఒక్క బోర్డులోనూ తేడా లేదు.

ఆమె పెన్ను మూత కొరుకుతూ ఆ అంకెల వైపే చూసింది. చేయి తప్పితే ఒక బోర్డు ఎక్కువా ఇంకొకటి తక్కువా రావాలి. అన్నీ ఒకేలా, ఎంత కొలిస్తే అంత తగ్గుతూ పోతున్నాయంటే గుడ్డ తప్పు కాదు, టేపే సాగిపోయింది.

టీ గంట కొట్టారు. అందరూ వరండాలోకి పోయారు. చిన్నకోడలు కదల్లేదు. గది ఖాళీ అయ్యాక పక్క బల్ల మీది ట్రేలోంచి ఎర్రచుక్క బోర్డు ఒకటి తీసి తన క్లిప్పులకు తగిలించింది. చిప్పు వేడెక్కేదాకా ఆగింది. తొందరపడి చూస్తే అది అబద్ధం చెబుతుంది. ఆగి, చూసింది.

ఇరవై పాయింట్ సున్నా ఎనిమిది.

ఇంకొకటి పెట్టింది. సున్నా ఎనిమిది. మూడోది సున్నా ఏడు. నాలుగోదానికి చేయి చాపేసరికి, "ఏం వెతుకుతున్నావే నా బల్ల మీద?" అని వినిపించింది. పెద్దకోడలు గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఉంది.

"నీ బోర్డులన్నీ ఎక్కువ పెట్టి ఉన్నాయి అక్కా."

"పెద్దగా అరిచి చెప్పు. వరండాలో ఇద్దరికి వినపడలేదు."

"కావాలనే పెట్టావు."

పెద్దకోడలు లోపలికొచ్చి తలుపు మూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, బోర్డుల్ని ట్రేలో వాటి వాటి గూళ్లలో సర్దింది.

"నేనొక్కదాన్నే కాదు. ఆరుగురం. మాస్టారి బల్ల మీద ఎర్రంకెల డబ్బా చూశావా? రెండేళ్ల కిందట పెట్టాడు. ముసలాడికి చిన్న మీటర్లో అంకెలు ఆనడం లేదు. అది పెట్టిన రోజు అందరివీ తిరిగొచ్చాయి. మర్నాడు అందరం కాస్త కాస్త ఎక్కువ పెట్టాం, పోయాయి. ఎంత ఎక్కువో తెలుసుకోడానికి వారం పట్టింది. అంతే. సున్నా ఎనిమిది."

"ఆయనకు చెప్పలేదా?"

"నీకు పనిలేదా! ఆయన కళ్ల సంగతి ఆయనకు చెప్పేదెవరు?"

"నాకైనా చెప్పొచ్చుగా. మూడు నెలలైంది. ఒక్క ఇంట్లో ఉంటున్నాం. ఒక్క పొయ్యి మీద వండుకుంటున్నాం."

"మొదటి రెండు నెలలూ నీవి నేర్చుకునే ట్రేలు. వాటిని ఆయన చూడడు. ఈ నెల నుంచేగా అసలు లెక్క." పెద్దకోడలు టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "వచ్చే నెల నుంచి ఈ గదిలో ఆరు బల్లలే ఉంటాయట. ఆఫీసులో రాసి పెట్టేశారు. ఏడుగురిలో ఒకరు పోవాలి. నువ్వు పోతే నాకు నిద్ర పడుతుంది. నేను పోతే నీకు పడుతుంది. ఇందులో అక్కాచెల్లెళ్లు ఎక్కడున్నారు?"

చిన్నకోడలు తన క్లిప్పులు సర్దుకుంది.

"నేను చెప్పలేదు, నువ్వే దొంగతనంగా చూసుకున్నావు. ఇక నీ ఇష్టం," అంది పెద్దకోడలు. అంత నిజాయితీగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

బుధవారం పొద్దున చిన్నకోడలు కొత్త ట్రే ముందేసుకుంది. బోర్డు తగిలించి, వేడెక్కనిచ్చి, స్క్రూ తల మీద పరికరం ఆనించింది. వేళ్లు తమంతట తామే ఇరవై పాయింట్ సున్నా సున్నా దగ్గర ఆగిపోయాయి. ఆగిన వేళ్లను ఇంకాస్త తిప్పాలి. వేసిన ముగ్గును కాలితో చెరిపినట్టనిపించింది. తిప్పింది. సున్నా మూడు. సున్నా ఆరు. సున్నా ఎనిమిది. నాలుగు దగ్గరికి పోయి, దాన్నీ అదే లెక్కన జరిపింది. మళ్లీ ఇరవైకి వచ్చింది.

తప్పు చేయడంలోనూ ఆమెకు ఉజ్జాయింపు తెలియదు. పెద్దకోడలు సున్నా ఏడు వచ్చినా చుక్క పెట్టేస్తుంది. ఈమె పన్నెండింటికీ సున్నా ఎనిమిది తెచ్చింది. సున్నా ఎనిమిది తర్వాతి అంకె కూడా కదలకుండా తెచ్చింది. రికార్డు కాగితంలో మాత్రం అందరూ రాసినట్టే ఇరవై పాయింట్ సున్నా సున్నా అని పన్నెండుసార్లు రాసింది. రాస్తుంటే చెమట పట్టి పెన్ను జారింది. ఆకుపచ్చ చుక్కలు పెట్టి, ఎండాక, ట్రేని తీసుకెళ్లి మాస్టారి ర్యాకులో పెట్టింది. మిగిలిన ఆరుగురి ట్రేలూ అక్కడే ఉన్నాయి. అవి గురువారం పొద్దున చూస్తారు.

వచ్చి కూర్చుంది. కూర్చోలేకపోయింది.

ఆమెను ఆ బల్ల దాకా తెచ్చింది మాస్టారే. కడుగుడు గది తలుపు దగ్గర నిలబడి, "ఆ అమ్మాయి బోర్డు పట్టుకునే తీరు చూడండి," అని మేనేజరుకు చూపించింది ఆయనే. నాలుగు అంటే ఏమిటో, అది సున్నా ఎందుకు కాకూడదో మొదటిరోజు చెప్పింది ఆయనే. "నాలుగొస్తే, చెప్పడానికేమీ లేదని అవతలివాడు చెబుతున్నట్టు. సున్నా వస్తే అసలు చెప్పేవాడే లేడన్నట్టు. తీగ తెగింది, పోయి చూడు," అన్నాడు. అలా చెప్పగలిగిన మనిషి రెండేళ్లుగా తప్పుడు డబ్బా చూసి సంతకాలు పెడుతున్నాడు. ఆరుగురు ఆడవాళ్లు వెనక నుంచి నవ్వుకుంటున్నారు. ఆమెకు అది సహించలేదు. తన బాధ కంటే అదే ఎక్కువ సహించలేదు. మంచితనం అనుకుంది దాన్ని. అది తెలివితక్కువతనం అని చెప్పేవాళ్లు ఆమెకు ఎవరూ లేరు.

మధ్యాహ్నం భోజనాల గంటకు మాస్టారు అలవాటుగా గదిలోనే ఉండిపోయి బాక్సు విప్పాడు. చిన్నకోడలు చేతిలో ఒక బోర్డు పట్టుకుని వెళ్లి పక్కన నిలబడింది.

"ఏమ్మా, తినలేదా?"

"ఒక్కటి చూపించాలి మాస్టారూ. మీరు కోప్పడకూడదు."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని చూశాడు. ఆమె బోర్డును ఆయన బల్ల మీది క్లిప్పులకు తగిలించింది. తన బల్ల దగ్గర సరిగ్గా ఇరవై పెట్టి తెచ్చిన బోర్డు. డబ్బాలో అరచేయంత ఎర్రంకెలు వెలిగాయి. పంతొమ్మిది పాయింట్ తొమ్మిది రెండు.

"చూశావా? తగ్గుతోంది."

"ఇప్పుడు చూడండి." డబ్బా నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకదాన్ని స్క్రూ వదులు చేసి ఊడదీసింది. ఎర్రంకెలు ఆరిపోయాయి. వెనకాల పాత చిన్న మీటర్లో సన్నటి నల్లంకెలు కదిలి నిలబడ్డాయి.

మాస్టారు చేయి కడుక్కోకుండానే ముందుకు వంగాడు. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు. వెనక్కి జరిగి, కళ్లజోడు పైకి నెట్టి, మళ్లీ వంగాడు.

"ఎంత?" అని అడిగాడు చివరికి.

"ఇరవై పాయింట్ సున్నా సున్నా."

ఆయన ఆరిపోయిన డబ్బా వైపు తిరిగాడు.

"డబ్బా కూడా కొంత తాగుతోంది మాస్టారూ. కరెంటుకు రెండు దారులుంటే రెండింట్లోకీ పోతుందని మీరే చెప్పారు. కొలవడానికి పెట్టిన మన రెసిస్టరులోంచి పోవలసింది దాంట్లోంచి కొంచెం పోతోంది. అందుకే తక్కువ చూపిస్తోంది."

మాస్టారు బాక్సు మూత పెట్టాడు. పెట్టిన మూత సరిగ్గా కూర్చోకపోతే తీసి మళ్లీ పెట్టాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మేనేజరుకు?"

"ఎవరికీ చెప్పలేదు మాస్టారూ. మీకు చెప్పాలనే వచ్చాను."

"పది నెలలమ్మా." గొంతు తగ్గించాడు. "పది నెలలు గడిస్తే దండ వేయించుకుని ఇంటికి పోతాను. కళ్లు ఆనడం లేదని తెలిస్తే పరీక్షకు పంపుతారు. పరీక్షకు పోయినవాడు మళ్లీ ఈ గేటు దాటి రాడు. రెండేళ్ల సరుకు, రెండేళ్ల సంతకాలు. ఉత్త చేతులతో పంపుతారు."

చిన్నకోడలు ఒకడుగు దగ్గరికి జరిగింది. "మీ పరువుకేం కాదు. డబ్బా తీసేస్తే సరిపోతుంది. నేను నోరు విప్పను."

"నా కడుపున పుట్టకపోయినా బిడ్డవి నువ్వు."

"ఒక్కటుంది మాస్టారూ. పొద్దున నేను పెట్టిన ట్రే..." నేల చూసింది. "అది మీ డబ్బాకు సరిపోయేలా పెట్టాను. ఎక్కువ పెట్టాను. ఇప్పుడు డబ్బా తీసేస్తే అది తప్పవుతుంది. వెనక్కిస్తే గంటలో సరిచేసి తెస్తాను."

మాస్టారు ర్యాకు వైపు చూశాడు. ఏడు ట్రేలు వరసగా ఉన్నాయి.

"అందరివీ అలాగే ఉంటాయా?"

"అందరివీ."

"ర్యాకులో పెట్టిన ట్రే తీస్తే రిజిస్టర్లో రాయాలి. రాస్తే ఎందుకు తీశారంటారు. ఉండనీ. నేను చూసుకుంటాను. పోయి భోజనం చెయ్యి, బంగారుతల్లివి."

ఆమె పోయి భోజనం చేసింది. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తుంటే పెద్దకోడలు ఆగి చూసింది.

"ఏమిటే, ముసలాడితో అంతసేపు ముచ్చట్లు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే గొంతెందుకు లేస్తోంది?"

"రేపటి నుంచి ఎవరూ ఎక్కువ పెట్టక్కర్లేదు అక్కా. సరిగ్గా పెడితే చాలు."

పెద్దకోడలు చేతిలోని గిన్నె నెమ్మదిగా బోర్లించింది. "చెప్పేశావా?" అని అడిగింది. జవాబు వినకుండానే లోపలికి పోయింది.

గురువారం పొద్దున మాస్టారి బల్ల మీద ఎర్రంకెల డబ్బా లేదు. డబ్బా ఉన్నంత మేర దుమ్ము లేకుండా చదరంగా తెల్లగా ఉంది. చిన్న మీటర్ ముందు కొత్త భూతద్దం ఒకటి బిగించి ఉంది. ఆమె చూసి నవ్వింది. ఆయన చూడలేదు.

ర్యాకులోంచి మొదటి ట్రే తీశాడు. పెద్దకోడలిది. ఒక బోర్డు చేతిలోకి తీసుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి, క్లిప్పులకు తగిలించకుండానే చీటీ మీద సంతకం పెట్టాడు. రెండో ట్రేకీ అంతే. మూడో ట్రే, నాలుగో ట్రే. గదిలో ఎవరూ తల ఎత్తలేదు. చిన్నకోడలు ఒక్కతే ఎత్తి చూస్తోంది. పాత సరుకును చూడకుండా పంపేస్తున్నాడని, రేపటి నుంచి అన్నీ సరవుతాయని అనుకుంది. తనదీ అలాగే పోతుందనుకుంది.

ఆకుపచ్చ చుక్కల ట్రే చేతికి రాగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. భూతద్దం సరిచేసుకున్నాడు. మొదటి బోర్డు తగిలించాడు. వేడెక్కేదాకా ఆగాడు. చూశాడు. రాశాడు. రెండోది తగిలించాడు.

 ఐదో బోర్డు దాకా చిన్నకోడలికి అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆయన పన్నెండూ చూశాడు. ఒక్కటీ వదల్లేదు. ఆ గదిలో అంత శ్రద్ధగా ఏ ట్రేనీ ఎవరూ చూడలేదు. చూసి, ట్రే పట్టుకుని, ఆమె బల్ల పక్క నుంచే నడిచి మేనేజరు గదిలోకి పోయాడు.

పది నిమిషాలకు పిలుపొచ్చింది.

మేనేజరు కుర్రాడు. అతనికి ఎవరి మీదా కోపం లేదు. ఏడులో ఒకటి తీసేయాలి, ఏది తీయాలో తేలింది, ప్రాణం సుఖంగా ఉంది.

"మూడో ట్రే," అన్నాడు. "ఈసారి ఎక్కువట."

"సార్, అది కావాలనే ఎక్కువ పెట్టాను."

మేనేజరు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కావాలనా?"

"మాస్టారి బల్ల మీద డబ్బా ఉండేది సార్. నిన్నటిదాకా. అది తక్కువ చూపించేది. అందుకని అందరం..." అందరం అన్న మాట దగ్గర ఆగింది. నిన్నటిదాకా ఆమె ఆ అందరిలో లేదు. "అందరూ ఎక్కువ పెడతారు. మొదటి రెండు ట్రేలూ నేను సరిగ్గా పెట్టాను. అవే తిరిగొచ్చాయి."

"డబ్బా ఏది?" అని మేనేజరు అడిగాడు.

"ఏ డబ్బా?" అన్నాడు మాస్టారు. "ఓ, అదా! పాడైతే తీసి ఎప్పుడో పక్కన పడేశాను. అది ఊరికే చూసుకోడానికి సార్, కొలతకు కాదు. కొలత అంతా నా బల్ల మీది చిన్న మీటరే. దానికి ముద్ర ఉంది, వచ్చి చూడండి."

"మాస్టారూ!" అంది చిన్నకోడలు. 

"ఆ రెండు ట్రేలు తెప్పించి చూస్తే సరిపోతుందిగా," అన్నాడు మేనేజరు. అంతమాత్రం న్యాయం అతనిలో ఉంది.

"అవి అప్పుడే పెద్దమ్మాయి సరిచేసింది. ఆ సరుకు వెళ్లిపోయింది."

పెద్దకోడల్ని పిలిపించారు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరందరూ ఎక్కువ పెడుతున్నారా?" అని అడిగాడు మేనేజరు.

"నా కాగితాలు చూడండి సార్. ఇరవై పాయింట్ సున్నా సున్నా. ఎప్పుడైనా తిరిగొచ్చాయా?"

"అక్కా, చెప్పు. నిన్న కాక మొన్న నాతో అన్నావు. ఒట్టు."

"నాకేం తెలుసమ్మా? నా ట్రే నేను చేసుకుంటాను." మేనేజరు వైపు తిరిగి, గొంతు మెత్తన చేసి, "ఇంట్లో కూడా ఇలాగే సార్. ఏదైనా పాడైతే ఇంకొకరు చేశారంటుంది. మేము సర్దుకుపోతాం," అంది.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "ఒక పని చెయ్యి. ఆయన మీటర్ వద్దు. నీ మీటర్ తెచ్చుకో. దాని మీద నీకు అనుమానం లేదుగా?"

"లేదు సార్."

"దాంతోనే నువ్వే చూసి, గట్టిగా చదువు. మాస్టారు రాసుకుంటారు."

ఆమె మీటర్ తెచ్చుకుంది. మేనేజరు బల్ల మీద కాగితాలు జరిపి చోటు చేశారు. మొదటి బోర్డు తగిలించి నిలబడింది. ముగ్గురూ ఆమె వేళ్ల వైపు చూస్తున్నారు. ఆ వేళ్లు వణకలేదు. చిప్పు వేడెక్కేదాకా, ఎవరు తొందరపెట్టినా, ఆగింది.

"ఇరవై పాయింట్ సున్నా ఎనిమిది."

మాస్టారు రాశాడు.

రెండోది. "ఇరవై పాయింట్ సున్నా ఎనిమిది."

మూడోది. నాలుగోది. అబద్ధం చెప్పడానికి చోటు లేదు, మేనేజరు పక్కనే వంగి చూస్తున్నాడు. ఆరోది.  ఎనిమిదోది. తొమ్మిదోది. ఒకే అంకె ఒకే గొంతులో. పదోదానికి మేనేజరే ముందుగా, "సున్నా ఎనిమిది," అన్నాడు.

పన్నెండూ అయ్యాయి.

"వింతగా ఉందే!" అన్నాడు అతను. "ఒక్కదానిలో కూడా తేడా లేదు. ఇంత సరిగ్గా సున్నా ఎనిమిది దగ్గర నిలబెట్టగలిగినదానివి, సున్నా సున్నా దగ్గర నిలబెట్టలేవా?"

"నిలబెట్టగలను సార్."

"మరెందుకు పెట్టలేదు?"

ఆమె మాస్టారి ముఖంలోకి చూసింది. ఆయన కాగితం మీద తేదీ వేస్తున్నాడు.

"పైగా కాగితంలో సరిగ్గా ఉందని రాశావు. పన్నెండుసార్లు." మేనేజరు కాగితం ఆమె వైపు తిప్పి పెట్టాడు. "ఇది నీ రాతేనా?"

"నాదే."

మొదటి రెండు ట్రేల్లో ఆమె తప్పు లేదు. మూడోదాంట్లో ఉంది. అతను చూసింది మూడోదాన్నే. అంతకంటే అతను చేయగలిగిందీ లేదు.

"సోమవారం నుంచి కడుగుడు గది," అన్నాడు. "సోమవారం దాకా దేనికి, ఇప్పుడే పో. అక్కడ మనిషి తక్కువైంది."

పెద్దకోడలు అప్పటికే వెళ్లిపోయింది. చిన్నకోడలు బల్ల దగ్గరికొచ్చి మీటర్ ఆపి, తీగలు చుట్టి పెట్టింది. ఆకుపచ్చ రంగుసీసా మూత బిగించింది. ఆమె దీపాన్ని పెద్దకోడలు తన బల్ల మీదికి లాక్కుని, రెండు దీపాల కింద పని మొదలుపెట్టింది. ఎవరూ తల ఎత్తలేదు.

వరండాలో నాలుగడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టారు. ఇటూ అటూ చూసి దగ్గరికొచ్చాడు. కళ్లజోడు చేతిలో పట్టుకున్నాడు. అది లేకుండా ఆయనకు ఆమె ముఖం కనబడుతుందో లేదో.

"నేనీ పనిలో ముప్ఫై ఏళ్లున్నానమ్మా," అన్నాడు. "పన్నెండు బోర్డులు, ఒక్క గీత తేడా లేకుండా. నీ చేయిలాంటి చేయి నేను చూడలేదు."

 ఆమె మామూలు గొంతుతోనే అంది.

"ఆ మాట లోపలికొచ్చి చెప్పండి మాస్టారూ. ఇప్పుడే. మేనేజరు ఇంకా గదిలోనే ఉన్నాడు."

ఆయన కళ్లజోడును చొక్కా అంచుతో తుడిచాడు. ఒక అద్దం తుడిచి, రెండోదీ తుడిచి, పెట్టుకున్నాడు.

"లోపల చెప్పవలసింది చెప్పేశాను," అని గది తలుపు నెట్టుకుని వెళ్లిపోయాడు. లోపలి ఏసీ చప్పుడు క్షణంపాటు వరండాలోకి వచ్చింది. తలుపు మూసుకోగానే ఆగింది.